పాత మారుతి 800 కార్బొరేటర్: ఉన్నదాన్ని బాగుచేయాలా, సెకండ్‌హ్యాండ్‌ది తేవాలా, కొత్తది కొనాలా?

ఏపీ 36, ఏపీ 15 నంబర్లతో వరంగల్, కరీంనగర్ రోడ్ల మీద ఇంకా తిరుగుతున్న మారుతి 800లు, ఒమ్నీలు తక్కువేం లేవు. 800కు ఎంపీఎఫ్‌ఐ, అంటే కంప్యూటర్ లెక్కతో పెట్రోల్ చిమ్మే పద్ధతి, వచ్చింది 2000 ప్రాంతంలో. అంతకుముందు బండి అయితే బానెట్ కింద ఉండేది గాలిని, పెట్రోల్‌ను కలిపి ఇంజన్‌కు పంపే కార్బొరేటరే. పొద్దున స్టార్ట్ కాదు, సిగ్నల్ దగ్గర ఆగిపోతది, లీటరుకు వచ్చే కిలోమీటర్లు పడిపోతయి. మెకానిక్ దగ్గరికి పోతే మొదటి మాటే "కార్బొరేటర్ పోయింది, మార్చాలె" అని వస్తది.

మార్చాలంటే చేతిలో నాలుగు దారులు ఉంటయి: బండికి ఉన్నదానికే కిట్ వేయడం, తుక్కు బండి నుంచి తీసిన కంపెనీ కార్బొరేటర్ కొనడం, ఎవరో వాడి తీసేసిన ఆఫ్టర్‌మార్కెట్‌ది (బండి కంపెనీది కాక బయటివాళ్లు చేసింది) తెచ్చి రీబిల్డ్ చేసుకోవడం, డబ్బాలో వచ్చే కొత్తది కొనడం. నాలుగింటిలో ఏది అన్నది ధరను బట్టి తేల్చేవాళ్లే ఎక్కువ. తేల్చాల్సింది స్పిండిల్ (కార్బొరేటర్ గాలి రేకును తిప్పే కడ్డీ) అరుగుదలను బట్టి. రిపేర్ కిట్‌లో ప్యాకింగులు ఉంటయి, పెట్రోల్ రాకను ఆపే నీడిల్ వాల్వ్ ఉంటది, డయాఫ్రమ్ అనే పలచని రబ్బరు పొర ఉంటది. అరిగిన బాడీని బాగుచేసేది మాత్రం ఏ కిట్‌లోనూ ఉండదు.

ముందు తప్పు కార్బొరేటర్‌దేనా?

ఒక గంట పని. ప్లగ్గులు తీసి గ్యాప్ 0.7 నుంచి 0.8 మి.మీ. మధ్య ఉందా చూడండి. పాయింట్ల బండి అయితే పాయింట్ గ్యాప్ 0.4 నుంచి 0.5. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వాల్వ్ గ్యాప్ సుమారు 0.15 మి.మీ. ఉండాలి. వాల్వ్ బిగుసుకుపోయిన బండి ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరిగేటప్పుడు) అచ్చం కార్బొరేటర్ చెడినట్టే వణుకుతది, ఎంత సెట్టింగ్ చేసినా లొంగదు. కంప్రెషన్ గేజ్ దొరికితే మూడు సిలిండర్లూ చూడండి. ఒకదానికీ ఇంకోదానికీ చదరపు సెంటీమీటరుకు కిలో కంటే ఎక్కువ తేడా వస్తే కార్బొరేటర్ మీద పైసా పెట్టకండి, ఆ డబ్బు ఇంజన్‌కు కావాలి.

ఆ తర్వాత గాలి లీకు. బండి ఐడిల్‌లో పెట్టి, ఇస్త్రీకి వాడే నీళ్ల స్ప్రే సీసాతో కార్బొరేటర్ కింది ప్యాకింగ్ చుట్టూ, మానిఫోల్డ్ (కార్బొరేటర్ నుంచి సిలిండర్లకు పోయే గొట్టాల దిమ్మ) అంచుల్లో, బ్రేక్ బూస్టర్ ఉన్న మోడల్ అయితే దాని పైపు దగ్గర సన్నగా కొట్టండి. ఎక్కడ కొట్టినప్పుడు ఇంజన్ చప్పుడు మారితే లీకు అక్కడ. చాలామంది ఈ పరీక్షను పెట్రోల్‌తో చేస్తరు. వేడి సైలెన్సర్ పక్కన అది ప్రాణం మీదికి తెచ్చుకునే పని.

స్పిండిల్ పట్టి చూడడం

స్పిండిల్ అంటే బట్టర్‌ఫ్లై (గాలి దారిని తెరిచి మూసే గుండ్రని రేకు) బిగించి ఉండే ఇనుప కడ్డీ. యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ అదే తిరుగుతది. బాడీ మెత్తని లోహం, కడ్డీ గట్టిది. ఏళ్లు గడిచేకొద్దీ బాడీలోని రంధ్రం గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారానికి వస్తది. ఆ సందులోంచి ఐడిల్‌లో గాలి దొంగతనంగా లోపలికి పోతది. దాంతో మిక్చర్ పలచబడుతుంది. మెకానిక్ దాన్ని కప్పడానికి మిక్చర్ స్క్రూ తిప్పి పెట్రోల్ పెంచుతడు. ఐడిల్ కొంచెం నిలబడుతుంది, మైలేజ్ పడిపోతది, రెండు వారాలకు మళ్లీ అదే పాట. కరీంనగర్ గ్రానైట్ క్వారీల వైపు, గోదావరిఖని బొగ్గు దుమ్ములో తిరిగిన బండ్లకు ఈ అరుగుదల తొందరగా వస్తది, ఎయిర్ ఫిల్టర్ పట్టించుకోకపోతే ఇంకా తొందరగా.

పరీక్షకు పరికరం అక్కర్లేదు. కార్బొరేటర్‌ను ఎడమ చేత్తో పట్టుకుని, బట్టర్‌ఫ్లైని సగం తెరిచి, కుడి చేతి బొటనవేలు, చూపుడువేలుతో లీవర్ వైపు కడ్డీ కొనను పట్టి పైకీ కిందికీ ఊపండి. పూర్తిగా మూసి ఉంచి ఊపితే రేకు బాడీకి ఆనుకుని ఆటను దాచేస్తది, అందుకే సగం. వేళ్లకు తెలిసీ తెలియనట్టు ఉంటే పర్లేదు. కంటికి కనిపించేలా, అంటే పావు మిల్లీమీటర్ దాకా కదిలితే బుష్ (అరిగిన రంధ్రంలో కూర్చోబెట్టే చిన్న గొట్టం) వేయించక తప్పదు. టక్ టక్ అని చప్పుడే వస్తే అమ్మేవాడు ఉచితంగా ఇచ్చినా అది జెట్ల (పెట్రోల్‌ను కొలిచి వదిలే సన్నని రంధ్రం ఉన్న ఇత్తడి ముక్కలు) కోసం మాత్రమే పనికొస్తది.

బుష్ పని మంచి లేత్ వాడి చేతిలో పడాలి. బట్టర్‌ఫ్లై స్క్రూల కొసలు కంపెనీలోనే కొట్టి చదును చేసి ఉంటయి, ఊడి పడకుండా. ముందు ఆ కొసలు ఆకురాయితో అరగదీయకుండా తిప్పితే కడ్డీలోని మరలు చీలుకుంటయి. రేకు అంచు కోణంగా కోసి ఉంటది కాబట్టి, ఏ ముఖం పైకి ఉందో గీత పెట్టుకున్నాకే తీయాలి. తిరిగి బిగించేటప్పుడు స్క్రూలు వదులుగా పెట్టి, రేకును పూర్తిగా మూసి, వెలుగుకు ఎదురుగా పట్టి చూడాలి. చుట్టూ సన్నని గీతలా సమానంగా వెలుగు రావాలి, లేదా అసలు రాకూడదు. ఒక పక్కే వస్తే రేకు వంకరగా కూర్చున్నట్టు. చివరికి కొత్త స్క్రూలు వేసి కొసలు మళ్లీ కొట్టించాలి. ఇది మర్చిపోతే స్క్రూ ఊడి నేరుగా వాల్వ్ దారిలో సిలిండర్‌లోకి పోతది. కార్బొరేటర్ ఖర్చు అప్పుడు ఇంజన్ ఖర్చు అవుతది.

ఏ దారి ఎవరికి

బండికి ఉన్నదాని స్పిండిల్ బాగుంటే ఇక వెతకకండి, దానికే కిట్ వేయండి. జెట్ నంబర్లు, లీవర్లు, వ్యాక్యూమ్ గొట్టాలు, కేబుల్ బ్రాకెట్, అన్నీ ఆ ఇంజన్ కోసం చేసినవే. ఎంత మంచి మార్పిడి కార్బొరేటర్ అయినా ఈ విషయంలో దానికి సాటి రాదు. పదింట్లో ఆరేడు బండ్లకు ఇంతే సరిపోతదని మా లెక్క.

స్పిండిల్ పోయిందనుకోండి. అప్పుడు రెండో దారి, తుక్కు బండి నుంచి తీసిన కంపెనీది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, వరంగల్ ఆటోనగర్ పాత సామాన్ల దుకాణాల్లోనో అడగొచ్చు. చిక్కు ఏమిటంటే తుక్కుకు వచ్చిన బండి కూడా మీ బండి వయసుదే. దాని స్పిండిల్ కూడా అంతే తిరిగి ఉంటది. అందుకే బయట తళతళ మెరిసేదాన్ని కాదు, మురికిగా ఉన్నా స్పిండిల్ బిగువుగా ఉన్నదాన్ని ఏరుకోవాలి. మురికి కడిగితే పోతది. పైన కొత్త పాలిష్ కొట్టి అమ్మేవాటిని అనుమానంగానే చూడాలి.

ఇక్కడ ఇంకో పొరపాటు ఎక్కువ జరుగుతుంటది. 800, ఒమ్నీ ఇంజన్ ఒకటే, 796 సీసీ మూడు సిలిండర్లది. కానీ 800లో అది అడ్డంగా కూర్చుంటది, ఒమ్నీలో సీటు కింద నిలువుగా. కాబట్టి ఒమ్నీ నుంచి తీసింది కొనేముందు లీవర్ ఏ వైపు లాగాలి, కేబుల్ ఎటునుంచి వస్తది, పెట్రోల్ గొట్టం మూతి ఎటు తిరిగి ఉంది, మీ పాతదాన్ని పక్కన పెట్టి పోల్చుకోవాలి. జిప్సీది పెడితే పికప్ పెరుగుతదని చెప్పేవాళ్లు ఉన్నరు. అది 970 సీసీ, తర్వాత 1298 సీసీ ఇంజన్లకు చేసింది. 800కు పెట్టి జెట్లు మార్చకపోతే పెరిగేది పెట్రోల్ బిల్లు, పొగ.

మూడోది, వాడిన ఆఫ్టర్‌మార్కెట్ కార్బొరేటర్. దీని మీద రెండు అభిప్రాయాలు వినిపిస్తయి, రెండూ నిజమే. ఎవరో కొత్తది కొని, ఏడాది తిప్పి, బండి అమ్మేసో తుక్కుకు వేసో తీసింది అయితే స్పిండిల్ దాదాపు కొత్తగా ఉంటది, ధర తక్కువ. ఇది నిజంగా మంచి బేరం. కానీ ఎందుకు తీసేశారో తెలియాలి. "సెట్టింగ్ కుదరలేదు" అని తీసింది అయితే ఆ తలనొప్పిని మీరు డబ్బిచ్చి కొనుక్కుంటున్నట్టు. పోత నాసిగా ఉండి లోపలి దారులు సరిగా డ్రిల్ కానిది ఎన్నిసార్లు కడిగినా బాగుపడదు.

కొత్తది కొనడం అన్నింటికంటే సులువు, అన్నింటికంటే ఖర్చు. బండి రోజూ పని కోసం తిరగాలి, నాలుగు రోజులు షెడ్డులో పెట్టలేం అనుకునేవాళ్లకు అదే సరి. బిల్లు తీసుకోండి, మార్చి ఇస్తారా అని ముందే అడగండి. మిగతా మూడు దారుల్లో వస్తువు, కిట్, లేత్ కూలి కలిపి కొత్తదాని ధరలో 60 శాతం దాటితే ఇక రీబిల్డ్ మీద ఆశ వదిలి కొత్తదే తీసుకోవడం మేలు.

ఎంపీఎఫ్‌ఐకి మార్చుకుందాం అనే ఆలోచన అప్పుడప్పుడు వస్తుంటది. పంపు, వైరింగ్, ఈసీఎం (ఇంజన్ కంప్యూటర్), ట్యాంకు మార్పు, రికార్డుల గొడవ, ఇన్ని పెట్టుకుని 800ను కాపాడే బదులు ఎంపీఎఫ్‌ఐ 800నే కొనుక్కోవచ్చు.

వాడిన ఆఫ్టర్‌మార్కెట్‌ది కొనేముందు దుకాణంలోనే

స్పిండిల్ అయ్యాక కింది అంచు చూడండి. గాజు పలక మీద బోర్లించి, నాలుగు మూలలా నొక్కితే ఊగకూడదు. ఫీలర్ గేజ్ ఉంటే 0.05 మి.మీ. రేకు దూరకపోతే బంగారం. 0.1 దూరితే తిప్పి రుద్ది సరిచేసుకోవచ్చు: గాజు మీద 220 నంబర్ ఎమరీ కాగితం, కాస్త కిరోసిన్, ఎనిమిది అంకె ఆకారంలో రుద్దుడు, చివర 400 కాగితం. 0.2 దాటితే వదిలేయండి. ఎవరో బోల్టులు అతిగా బిగించి చెవులు వంచేసిన బాడీ అది.

తర్వాత వ్యాక్యూమ్ మూతి. డిస్ట్రిబ్యూటర్‌కు (ప్లగ్గులకు కరెంటు పంచే భాగం) పోయే గొట్టం రంధ్రం మూసిన బట్టర్‌ఫ్లైకి కాస్త పైన ఉండాలి, అప్పుడే ఐడిల్‌లో వ్యాక్యూమ్ రాదు, తొక్కగానే వస్తది. కొన్ని నకళ్లలో అది కిందికి డ్రిల్ అయి ఉంటది. అలాంటిది బిగిస్తే ఐడిల్‌లోనే టైమింగ్ ముందుకు జరుగుతది, ఎక్కడ తప్పో మీరు నెల రోజులు వెతుకుతరు. రెండు గొంతులది అయితే రెండో గొంతు తెరిచే డయాఫ్రమ్ నిజంగా లోపల ఉందా, ఖాళీ డబ్బానా, గొట్టం మూతికి నోరు పెట్టి పీల్చి చూడండి. కడ్డీ కదిలి అలాగే ఆగాలి.

మెయిన్ జెట్ల మీద అంకెలు ఉన్నాయా? సోలెక్స్ (పాత కార్బొరేటర్ కంపెనీ) పద్ధతి జెట్లలో అంకె రంధ్రం వ్యాసాన్ని చెబుతది: 110 అంటే 1.10 మి.మీ. అంకెలే లేని జెట్లు ఉంటే మీ పాత కార్బొరేటర్ జెట్లు ఇందులో పడతాయో లేదో మర పోల్చండి. పడితే కొనండి. ఫ్లోట్ గిన్నెలో (పెట్రోల్ నిలిచే గిన్నె, లోపల తేలే ఫ్లోట్ మట్టాన్ని చూసుకుంటది) తెల్లని బూడిద లాంటి పొర ఉంటే నీళ్లు నిలిచి లోహాన్ని తిన్నట్టు. పొర కింద గుంతలు పడ్డాయా గోరుతో గీకి చూస్తే తెలుస్తది. గుంతలు పడితే లోపలి సన్నని దారుల్లోనూ అదే జరిగి ఉంటది.

విప్పడం, కడగడం

విప్పేముందు నాలుగు పక్కల నుంచీ ఫోన్‌తో ఫొటోలు తీయండి. ఖాళీ కోడిగుడ్ల అట్ట తెచ్చుకుని ఒక్కో గుంతలో ఒక్కో భాగం స్క్రూలు వేస్తూ పొండి, వరస తప్పదు. జపాన్ డిజైన్ కార్బొరేటర్ల స్క్రూలకు మన మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్ సరిగా కూర్చోదు, జారి తల తినేస్తది. జిస్ (జపాన్ ప్రమాణం) బిట్ దొరికితే అదే వాడండి. లేకపోతే బిట్ పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేసి తర్వాత తిప్పండి.

మిక్చర్ స్క్రూను తీసేముందు మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆగిందో రాసుకోండి. ఆగాక ఇంకా బిగిస్తే సూది కొనలో గాడి పడి, తర్వాత సెట్టింగ్ ఎప్పటికీ నిలవదు.

కడగడానికి కార్బొరేటర్ క్లీనర్, లేదా మొదటి మురికికి కిరోసిన్. కాస్టిక్ సోడా, యాసిడ్ వద్దు, బాడీని నల్లగా చేసి తినేస్తయి. రబ్బరు, డయాఫ్రమ్, సోలినాయిడ్ (కరెంటుతో పనిచేసే చిన్న వాల్వ్) క్లీనర్‌లో ముంచకండి. జెట్ రంధ్రంలో ఇనుప తీగ, సూది పెట్టడం అన్నది మన షెడ్డుల్లో ఎంత చెప్పినా పోని అలవాటు. ఇత్తడి మెత్తన, 1.10 ఉన్న రంధ్రం ఒక్క గీకుడుకు పెద్దదైపోతది. చేపల గాలం నైలాన్ దారం వాడండి. పంక్చర్ షాపు గాలి కొట్టేటప్పుడు ముందు పైపును గాల్లోకి వదిలి నీటి చుక్కలు పోయాకే కార్బొరేటర్‌కు పెట్టండి, కళ్లకు అద్దాలు ఉండాలి. ఒక దారిలో గాలి కొడితే అది ఇంకో చివర ఎక్కడ బయటికి వస్తుందో వేలు పెట్టి చూడాలి. రాకపోతే ఇంకా మూసుకుని ఉన్నట్టే.

నీడిల్ వాల్వ్ కొన మీద ఉంగరంలా గీత కనిపిస్తే నీడిల్, సీటు రెండూ కలిపి మార్చాలి. ఒక్కటే మారిస్తే పెట్రోల్ పొంగుతది. ఫ్లోట్‌ను వేడినీళ్లలో ముంచి పట్టుకోండి. బుడగలు వస్తే చిల్లు. ఇత్తడి ఫ్లోట్‌కు టంకం వేయొచ్చు, కానీ టంకం బరువుకే ఫ్లోట్ కిందికి దిగి పెట్రోల్ మట్టం పెరుగుతది. సన్నగా వేయాలి, ఆ తర్వాత మట్టం మళ్లీ సెట్ చేయాలి. పక్కన గాజు కిటికీ ఉన్న రకం అయితే పని సులువు: బండి సమనేల మీద ఉండగా పెట్రోల్ మట్టం కిటికీ నడిమి చుక్క దగ్గర కనిపించాలి.

కిట్ రబ్బరు, ఈ20 పెట్రోల్

ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. పాత బండ్లు కట్టిన రోజుల్లో అది లేదు. రెండు ఇబ్బందులు. ఒకటి, ఇథనాల్‌కు పాత రకం రబ్బరు ఉబ్బి మెత్తబడుతది. అందుకని చౌక కిట్ కొన్నరోజే డయాఫ్రమ్ కొలత స్కేలుతో రాసుకుని, మూత ఉన్న గాజు సీసాలో పెట్రోల్ పోసి 24 గంటలు అందులో వదిలేయండి. మర్నాడు తీసి కొలిస్తే పెద్దదైందా, అంచులు వంకరపోయినయా తెలుస్తది. పాడైతే కిట్ వాపస్ చేయడానికి అప్పటికింకా సమయం ఉంటది, బిగించాక ఉండదు. పెట్రోల్ పైపు కొనేటప్పుడు ఎస్‌ఏఈ జే30 ఆర్9 అని అచ్చు ఉన్నది అడగండి.

రెండోది మిక్చర్. శుద్ధ పెట్రోల్‌కు బరువులో 14.7 వంతుల గాలి కావాలంటే ఈ20కి సుమారు 13.5 చాలు. అంటే అదే గాలికి 8, 9 శాతం ఎక్కువ ఇంధనం పోవాలి. పాత జెట్‌తో మిక్చర్ అంత పలచనవుతది. అలా అని అందరూ జెట్ పెంచాల్సిన పని లేదు. ప్లగ్ గోధుమ రంగులో ఉండి, బండి ఎత్తు మీద తడబడకుండా లాగుతుంటే ముట్టుకోకండి. ప్లగ్ సున్నంలా తెల్లగా ఉండి, సగం యాక్సిలరేటర్‌లో ఊగిసలాట వస్తుంటే మెయిన్ జెట్ ఒక సైజు పెంచండి. వ్యాసం 4 శాతం పెరిగితే రంధ్రం వైశాల్యం 8 శాతం పెరుగుతది, కాబట్టి 100 జెట్ ఉన్నచోట 105 దాటే అవసరం సాధారణంగా రాదు.

రామగుండంలో మే నెలలో 45 డిగ్రీలు దాటే మధ్యాహ్నాలు ఉంటయి. బండి ఆపి పది నిమిషాల తర్వాత మళ్లీ స్టార్ట్ కాకపోతే గిన్నెలో పెట్రోల్ మరిగిపోయిందని అర్థం. మేడారం జాతర రోజుల్లో పస్రా, తాడ్వాయి రోడ్డు మీద ఫస్ట్ గేర్‌లో గంటలు గంటలు పాకే బండ్లకూ ఇదే అవస్థ. దీనికి మందు కార్బొరేటర్ కింది మందపాటి ఇన్సులేటర్ ప్లేట్. పాతది పగిలిందని పారేసి ఉత్త ప్యాకింగ్‌తో బిగించిన బండ్లే ఎక్కువగా ఇలా ఆగుతయి.

బిగించడం, సెట్టింగ్

ఇన్సులేటర్‌కు రెండు వైపులా కొత్త ప్యాకింగ్ వేయండి. సిలికాన్ పేస్ట్ వద్దే వద్దు, పెట్రోల్‌కు ఉబ్బి ఊడి ముక్కలుగా జెట్లలో చేరుతది. నట్లు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి, మొత్తం ఒక్కసారే కాదు. కొత్త పెట్రోల్ ఫిల్టర్ వేయండి. ట్యాంకు అడుగు తుప్పు బయటికి తీయకుండా కడిగిన కార్బొరేటర్ పెడితే వారంలో మళ్లీ మొదటికే. పాత మెకానికల్ పంపు పోయిందని ఎంపీఎఫ్‌ఐ బండి ఎలక్ట్రిక్ పంపు తగిలించకండి. కార్బొరేటర్ నీడిల్ తట్టుకునే ఒత్తిడి 3, 4 పీఎస్‌ఐ, ఆ పంపు ఇచ్చేది దానికి పది రెట్లు.

స్టార్ట్ చేయకముందు ఎవరినైనా సీట్లో కూర్చోబెట్టి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కించండి. పైనుంచి చూస్తే బట్టర్‌ఫ్లై నిలువుగా నిలబడాలి, వదలగానే చటుక్కున మూయాలి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా బిగించాక మళ్లీ ఒకసారి చూడండి, కేబుల్ డబ్బాకు తగిలి ఇరుక్కునే బండ్లు ఉంటయి. తొక్కినప్పుడల్లా కార్బొరేటర్‌లోని యాక్సిలరేటర్ పంపు నుంచి సన్నని ధార ఆలస్యం లేకుండా గొంతులోకి పడాలి. గోడకు కొట్టుకుంటే ముక్కు కాస్త వంచండి. ఇగ్నిషన్ ఆన్ చేస్తే ఐడిల్ సోలినాయిడ్ టిక్ అనాలి. అనకపోతే కార్బొరేటర్ ఎంత బాగున్నా ఐడిల్ నిలవదు, వైరు చూసుకోండి.

మిక్చర్ స్క్రూ మెల్లగా ఆనేదాకా బిగించి రెండు చుట్లు వెనక్కి తిప్పి మొదలుపెట్టండి. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక ఐడిల్ 900 దగ్గరికి తెచ్చి, మిక్చర్ స్క్రూను పావు చుట్టు చొప్పున తిప్పుతూ ఇంజన్ ఎక్కడ అన్నింటికంటే వేగంగా, నున్నగా తిరుగుతుందో పట్టుకోండి. మళ్లీ ఐడిల్ స్క్రూతో 900. ఇలా రెండు మూడు సార్లు. చెవి మీద నమ్మకం లేకపోతే పొల్యూషన్ సెంటర్‌కు వెళ్లి మీటర్ పెట్టించండి. ఇలాంటి పాత పెట్రోల్ కార్లకు ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 3 శాతం, హైడ్రోకార్బన్ 1500 పీపీఎం. సర్టిఫికెట్ కాగితం మీద అంకె అడిగి చూడండి. కార్బన్ మోనాక్సైడ్ 3కి ఆనుకుని ఉంటే ఇంకా పెట్రోల్ ఎక్కువ పోతున్నట్టు. అది తక్కువగా ఉండి హైడ్రోకార్బన్ ఎక్కువగా ఉంటే మిస్‌ఫైర్, ప్లగ్గుల వైపు వెళ్లండి.

500 కిలోమీటర్లు తిరిగాక చల్లని ఇంజన్ మీద కింది నట్లు ఒకసారి పట్టి చూడండి, కొత్త ప్యాకింగ్ నలిగి వదులవుతది. ఆ రోజే ప్లగ్ రంగు కూడా. తీసేసిన పాత కార్బొరేటర్‌ను తుక్కుకు వేయకండి, పాలిథిన్ కవర్లో చుట్టి డిక్కీలో పెట్టుకోండి. జెట్లు, లీవర్లు, స్ప్రింగులు, స్క్రూలు అన్నీ మీ బండి కొలతవే, వచ్చే రిపేర్‌కు అవే అక్కరకొస్తయి.